కనకయ్య చూసిన కారు

జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఉండే తెలుగువాళ్ళు పాత కారు కొనాలంటే మూడు పనులు చేస్తారు. ముందు ఆన్‌లైన్‌లో కారు వెతుకుతారు. తరవాత కనకయ్యను పిలుస్తారు. ఆ తరవాత నిమ్మకాయలు కొంటారు. కనకయ్యను పిలవకుండా నేరుగా నిమ్మకాయల దాకా వెళ్ళినవాళ్ళు ఈ పదేళ్ళలో ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరి కార్లూ ఏమయ్యాయో అందరికీ తెలుసు. ఆ సంగతి కనకయ్య తనంతట తాను ఎప్పుడూ ఎత్తడు. ఎవరైనా ఎత్తితే మాత్రం ఆపడు.

మనిషికి నలభై ఎనిమిదేళ్ళు. జగిత్యాల దగ్గర పల్లె. మెకానికల్ డిప్లొమా అయ్యాక సొంతంగా బండ్ల షెడ్డు పెట్టుకుందామనుకున్నాడు. చేతులకు గ్రీసు అంటని కొలువు చూసుకోమన్నాడు వాళ్ళ నాయన. నాయన మాట కాదనలేక ఎంసీఏ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు, పుణెలో కొన్నాళ్ళు పనిచేసి, పన్నెండేళ్ళ కిందట భార్య మంగను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. కార్ల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్ల పనే, కానీ కారన్నది కంటికి కనపడదు. చేతులకు గ్రీసు అంటదు. వాళ్ళ నాయన కోరిక అక్షరాలా తీరింది.

ఆఫీసులో ఆయనకు ఒక పట్టుదల ఉంది. టెస్టు రిపోర్టులో మొట్టమొదటి గడి, పరీక్ష మొదలుపెట్టేటప్పుడు యంత్రం ఏ స్థితిలో ఉంది అన్నది. తన కింద పనిచేసే సుమంత్ ఆ గడి ఖాళీగా వదిలేసి ఫలితం మాత్రం అందంగా రాసి పంపేవాడు. కనకయ్య అలాంటి రిపోర్టులు పదహారు వెనక్కి కొట్టాడు. ఈ గడి నింపని రిపోర్టు చిత్తు కాగితమని, చిత్తు కాగితం మీద సంతకం పెట్టే అలవాటు తనకు లేదని నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పేవాడు. సుమంత్ ఆ మాటల్ని క్యాంటీన్‌లో అదే గొంతుతో అనుకరిస్తాడని కనకయ్యకు తెలియదు.

వారమంతా కనపడని కారు శనివారం కనపడుతుంది. నీలం ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని బయల్దేరతాడు. అందులో టార్చి, చిన్న అద్దం, రంగు కింద లప్పం పూశారేమో పట్టించే అయస్కాంతం, కారు కంప్యూటర్‌ని చదివే చిన్న పరికరం, ఇంకా ఒక మందు సీసా ఉంటాయి. రూపాయి తీసుకోడు. భోజనం పెడితే తింటాడు. ఆయన బానెట్ మూసి "తీస్కోరి" అన్నాడంటే ఇక ఆ కారుకు ఇంకో పరీక్ష లేదు. కొన్నవాళ్ళు ఎవరు అడిగినా కారు పేరు, ఏడాది చెప్పి, చివర "కనకయ్య అన్న చూశాడు" అని కలుపుతారు. అలా నలభై మూడు కార్లు చూశాడు. నలభై నాలుగోది ప్రవీణది.

ప్రవీణది తెనాలి. ముప్పై ఒక్కేళ్ళు. హెరెన్‌బెర్గ్ దాటాక ఒక పల్లెలో గేర్లు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీర్‌గా ఉద్యోగం వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరాలి. ఆరు నెలలు ప్రోబెట్సైట్, అంటే నచ్చకపోతే రెండు వారాల నోటీసుతో పంపించెయ్యగల కాలం. అది జనవరి ముప్పై ఒకటితో అయిపోతుంది. ఈలోగా ఉద్యోగం పోతే బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు మూడు నెలల గడువు, ఆ తరవాత సూట్‌కేసులు. షిఫ్టు పొద్దున ఆరింటికి. ఆ ఊరికి మొదటి బస్సు ఏడుకు పది నిమిషాలుండగా చేరుతుంది. భర్త సృజన్ ఎష్‌బోర్న్‌లో ప్రాజెక్టు మీద ఉండి శని ఆదివారాలే ఇంటికొస్తాడు. కాబట్టి ఆరు నెలల పాటు రోజూ ఆమెను ఆరింటికల్లా ఆ గేటు ముందు దించే కారు ఒకటి కావాలి. ఆమె అడిగింది అంతే.

దొరికింది పన్నెండేళ్ళ హైబ్రిడ్. కొంతసేపు బ్యాటరీతో, కొంతసేపు పెట్రోలుతో నడుస్తుంది. ఏది ఎప్పుడన్నది మనల్ని అడగదు, దాని ఇష్టం. అమ్మేది హోల్జ్‌గెర్లింగెన్‌లో ఒక పెద్దాయన. జులైలో ఎండ మండిపోతున్న రోజు కనకయ్య వెళ్ళి గంటన్నర చూశాడు. చివరగా మందు సీసా తీశాడు.

ఇంజన్‌కు పైభాగం, కిందిభాగం ఉంటాయి. రెంటి మధ్యా పల్చటి రేకులాంటి హెడ్ గాస్కెట్ ఉంటుంది. అది చెడిపోతే మంట ఉండాల్సిన చోటికి నీళ్ళు, నీళ్ళు ఉండాల్సిన చోటికి పొగ చేరతాయి. పాత హైబ్రిడ్ కొనేవాడు ముందుగా భయపడాల్సింది దీనికే. ఇంజన్‌ను చల్లార్చే ఆ నీళ్ళనే కూలంట్ అంటారు. కూలంట్ డబ్బా మూతి మీద ఒక గొట్టం నిలబెట్టి, అందులో ఈ నీలం మందు పోసి, పైనున్న రబ్బరు బుడ్డి నొక్కుతూ గాలి లాగాలి. లోపల పొగ ఉంటే నీలం పసుపవుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక చెయ్యమని సీసా మీదే రాసి ఉంటుంది. కనకయ్య వేడెక్కనిచ్చాడు. ఏసీ గుయ్యిమంటోంది, ఫ్యాను తిరుగుతోంది, లోపల డాష్‌బోర్డు మీద రెడీ అన్న పచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి. పెద్దాయన పక్కన నిలబడి తన భార్య తుంటి ఆపరేషన్ గురించి చిన్న గొంతుతో చెబుతున్నాడు. కనకయ్య రెండు నిమిషాలు నొక్కాడు. నీలం నీలంగానే ఉంది.

"ఇంజన్‌కు ఏం ఢోకా లేదు చెల్లె. కండ్లు మూస్కొని తీస్కో," అన్నాడు.

ప్రవీణ కళ్ళు మూసుకుని తీసుకుంది. ఇంటి ముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి నడిపింది. కింది అంతస్తులో ఉండే జర్మన్ ఆవిడ ఫ్రౌ హేబర్లె బయటికొచ్చి, ఆ నలిగినవి ఎవరు తీస్తారని అడిగింది. ప్రవీణ తీసింది.

అక్టోబరులో చలి మొదలయింది. ఒకరోజు ప్రవీణ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పొద్దున్నే స్టార్ట్ చేయగానే బండి గడగడ ఒణికిపోతోంది. పది సెకన్లు ఒణికి మళ్ళీ మామూలైపోతోంది."

"చలికి మనం వణుకుతలేమా? అది గూడ గట్లనే. ఏం గాదు."

వారం తరవాత ఇంకా ఒణుకుతోందంటే పెట్రోలు మార్చమన్నాడు. ఇంకో పెట్రోలు బంకులో పోయించింది. తరవాత స్పార్క్ ప్లగ్గులు మార్చమన్నాడు. మార్పించింది. కూలంట్ తగ్గిపోతోందంది.

"కొంచెం పొయ్యి. పాత బండి గదా, ఆవిరైతది."

మూత బిగించిన డబ్బాలోంచి కూలంట్ ఆవిరైపోదు. పొద్దున్నే ఒణుకు, తగ్గిపోయే కూలంట్, ఈ రెండూ ఒక బండిలో కనపడితే దానికి ఒకటే అర్థమని కనకయ్యకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాత్రంతా కూలంట్ ఇంజన్ లోపలికి ఒక్కొక్క చుక్కే దిగుతుంది, పొద్దున అది కాలిపోయేదాకా బండి ఒణుకుతుంది. తను చూడని బండి గురించి ఎవరైనా ఇదే చెప్పి ఉంటే పెట్టె పట్టుకుని గంటలో అక్కడుండేవాడు. కానీ ఇది తను చూసిన కారు. చూసి బాగుందన్న కారు. నీలం నీలంగానే ఉండటం రెండు కళ్ళతో చూశాడు. కాబట్టి ఒణుకు చలిదే, కూలంట్ ఆవిరే.

ఈలోగా బ్యోబ్లింగెన్ తెలుగు కుటుంబం అనే వాట్సాప్ గ్రూపుకు సంగతి తెలిసింది. కనకయ్య చూసిన బండి అలా ఎలా అవుతుందని ఎవరో అడిగారు. గ్రూపును నడిపే జనార్దనరావు గారు ఒక వాక్యం రాశారు. ఆవిడ ఇక్కడి డ్రైవింగ్ టెస్టు రెండోసారికి కదా పాసయ్యారు, అని. చివర నమస్కారం బొమ్మ పెట్టారు. పద్నాలుగు మంది బొటనవేళ్ళు పెట్టారు. కనకయ్య అది చదివాడు, బొటనవేలు పెట్టలేదు. ఆ విషయంలో ఆయన చేసిన పుణ్యం అదొక్కటే.

నవంబరు చివర ఒక గురువారం, గేర్ట్రింగెన్ దగ్గర ఆటోబాన్ హైవే మీద బండిలో ఎర్రదీపం వెలిగింది. ప్రవీణ పక్కకు ఆపి, చల్లారేదాకా చలిలో నిలబడి, నలభై నిమిషాలు ఆలస్యంగా ఫ్యాక్టరీకి చేరింది. అలా ఆలస్యం కావడం రెండోసారి. షిఫ్టు పెద్ద ఆమెను పక్కకు పిలిచి, పని బాగుందనీ, మూడోసారి ఇలా జరిగితే ప్రోబెట్సైట్ తరవాత ఉంచుకోవడం తన చేతుల్లో ఉండదనీ మర్యాదగా చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె కనకయ్యకు ఫోన్ చేసింది. ఫిర్యాదు చేయలేదు.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానన్నయ్యా. మీరు చూసినప్పుడు బండి బానే ఉంది. నేనే ఏదో చేసేశాను. మొన్న కూలంట్ అయిపోతే కుళాయి నీళ్ళు పోసేశాను, అలా పొయ్యకూడదని తరవాత చదివాను. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

శనివారం పొద్దున తొమ్మిదింటికి కనకయ్య వెళ్ళాడు. సృజన్ ఇంకా నిద్ర లేవలేదు. బండి చల్లగా ఉండగానే కూలంట్ డబ్బా మూత తీసి, స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చాడు. మొదట గడగడలాడింది, తరవాత సర్దుకుంది. ప్రవీణ టీ పెట్టి తెస్తానని పైకి వెళ్ళింది. కనకయ్య గొట్టం నిలబెట్టి, మందు పోసి, బుడ్డి నొక్కడం మొదలుపెట్టాడు. ఒక నిమిషమైంది. నీలంగానే ఉంది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. గాస్కెట్ కాదు. తను తప్పు చెప్పలేదు.

అప్పుడు ఆయనకు చీపురు చప్పుడు వినపడింది.

ఆ వారం మెట్లూ వాకిలీ ఊడ్చే వంతు ఫ్రౌ హేబర్లెది. ఆ ప్రాంతంలో వంతు వస్తే దేవుడు దిగొచ్చినా తప్పదు. ఆమె నలభై అడుగుల దూరంలో రాలిన ఆకులు ఊడుస్తోంది. ఒక్కొక్క ఊడ్పూ విడివిడిగా వినపడుతోంది. కనకయ్య చెయ్యి బుడ్డి మీదే ఆగిపోయింది. ఇంజన్ నడుస్తుంటే చీపురు చప్పుడు ఎలా వినపడుతుంది?

ఇంజన్ నడవడం లేదు. వేడెక్కగానే, బ్యాటరీ నిండుగా ఉండటంతో, బండి తన ఇష్ట ప్రకారం ఇంజన్‌ని ఆపేసుకుంది. రెడీ అన్న పచ్చ అక్షరాలు మాత్రం వెలుగుతున్నాయి. వేడెక్కాక పరీక్ష చెయ్యమంది సీసా. వేడెక్కగానే ఇంజన్ ఆగిపోతుంది ఈ రకం బండిలో. ఆగిపోయిన ఇంజన్‌లో పొగ ఉండదు. పొగ లేకపోతే మందు ఎన్నేళ్ళయినా నీలంగానే ఉంటుంది.

వెంటనే జులై గుర్తొచ్చింది. ఏసీ గోలలో తను గమనించలేదు కానీ, ఆ పెద్దాయన చిన్న గొంతుతో చెప్పిన తుంటి ఆపరేషన్ తనకు మొత్తం తెలుసు. ఏ ఆస్పత్రి, ఎన్ని రోజులు, కుట్లు ఎప్పుడు తీశారు, అన్నీ తెలుసు. ఇంజన్ నడుస్తున్న బానెట్ మీద వంగిన మనిషికి అవన్నీ వినపడవు. సుమంత్‌కు వెనక్కి కొట్టిన పదహారు రిపోర్టులూ గుర్తొచ్చాయి. కనకయ్య నాలుక్కరుచుకున్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ చూడటం లేదు.

ఈ రకం బండిలో ఇంజన్‌ని ఆగకుండా నడిపించే కిటుకు ఒకటుంది, మెకానిక్కుల కోసం పెట్టింది. ఎప్పుడో చదివాడు. బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కి, యాక్సిలరేటర్ అడుగంటా రెండుసార్లు తొక్కి, గేరు న్యూట్రల్‌కు మార్చి ఇంకో రెండుసార్లు, మళ్ళీ పార్కింగ్‌కు తెచ్చి రెండుసార్లు తొక్కి, చివరికి బ్రేకు తొక్కి బటన్ నొక్కాలి. అంతా ఒక్క నిమిషంలో అయిపోవాలి. మొదటిసారి లెక్క తప్పాడు. రెండోసారి గేరు తప్పాడు. మూడోసారికి ఇంజన్ గర్రుమని లేచి, ఆగకుండా నిలబడింది.

ఇంజన్ గొంతు పెద్దదే. ఫ్రౌ హేబర్లె చీపురు పట్టుకునే వచ్చింది. నిలబెట్టిన కారులో ఇంజన్ ఊరికే నడపడం చట్టప్రకారం నిషేధమని చెప్పింది. కనకయ్యకు హైబ్రిడ్లంటే ఇష్టం కలగడానికి, వాటిని పరీక్షించేటప్పుడు ఇరుగుపొరుగు ఇలా రాకపోవడం ఒక కారణం. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. రెండు నిమిషాలు ఇమ్మని అడిగాడు. ఆమె చేతి గడియారం చూసుకుని అక్కడే నిలబడింది.

బుడ్డి నొక్కాడు. అర నిమిషానికి నీలంలో పచ్చదనం వచ్చింది. నిమిషానికి పసుపైంది.

"గెల్బ్," అంది ఫ్రౌ హేబర్లె. పసుపు అని. అది మంచిదో చెడ్డదో ఆమెకు తెలియదు, రంగు మాత్రం చెప్పింది. ఇంకా యాభై సెకన్లున్నాయని కూడా చెప్పింది.

ప్రవీణ టీ గ్లాసులతో వచ్చేసరికి కనకయ్య ఇంజన్ ఆపి గొట్టం కడుగుతున్నాడు.

"ఏమైందన్నయ్యా?"

"గాస్కెట్ పోయింది."

ఆమె టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఇచ్చాక మెల్లగా అడిగింది. "కుళాయి నీళ్ళు పోసినందుకేనా?"

కుళాయి నీళ్ళతో గాస్కెట్ పోదు. ఆ ఒక్క ముక్కా చెప్పడానికి కనకయ్యకు నోరు రాలేదు.

"గది గూడ... ఒక కారణం అయ్యుంటది," అన్నాడు.

ఆమె తలొంచుకుంది. కనకయ్య టీ తాగాడు. ఇక బండి బయటికి తియ్యొద్దనీ, మంచి వర్క్‌షాపు తను చూస్తాననీ చెప్పి పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాక మంగ చెప్పింది. "ప్రవీణ ఫోన్ జేసింది. నాకు డ్రైవింగ్ నేర్పినోళ్ళ నంబర్ అడిగింది. మళ్ళ క్లాసులకు పోతదట. నాకు బండి నడపస్తలేదక్కా, మంచి బండిని పాడు జేసిన అని ఏడ్చింది. మొగడు గూడ గదే అంటున్నడట, కనకయ్యన్న చూసిన బండి ఊర్కెనే ఎట్ల పోతది అని."

కనకయ్య అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"నిజంగనే ఆమె పాడు జేసిందా?" అని అడిగింది మంగ.

"లేదు. జులైల నేను చూసినప్పుడే పోయున్నది."

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

మంగ పప్పు వడ్డించింది, ఇంకేం అనలేదు. ఏమన్నా అంటే బాగుండుననిపించింది కనకయ్యకు. సగం అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, తన కారు తాళం జేబులో వేసుకుని మళ్ళీ బయల్దేరాడు.

తలుపు సృజన్ తీశాడు. ప్రవీణ సోఫాలో కూర్చుని ఫోన్‌లో డ్రైవింగ్ స్కూల్ టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, వెతుకుతోంది. కనకయ్య కూర్చోలేదు.

"నీ తప్పేం లేదు చెల్లె. నీళ్ళతోటి గాస్కెట్ పోదు. జులైల నేను ఇంజన్ ఆగిపోయినంక టెస్ట్ చేసిన. చూసుకోలే. అప్పటికే పోయున్నది బండి. తప్పు నాది."

ప్రవీణ ఫోన్ పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"రెండు నెలల నుంచి పొద్దున్నే నాలుగున్నరకి లేచి, ఆ బండి దగ్గరికెళ్ళి, ఇవాళ నేనేం తప్పు చేయకూడదని దణ్ణం పెట్టుకుంటున్నానన్నయ్యా. మెల్లగా తొక్కాను, మెల్లగా తిప్పాను. అయినా ఒణికేది. నా చేతులే మంచివి కావనుకున్నాను. మీరు చూసిన బండి కదా, మరి." ఆయన వైపు తిరిగింది. "జులైలో మీకు తెలియదు, సరే. పొద్దున తెలిసింది కదా. పొద్దున కూడా నన్నే అన్నారు."

కనకయ్యకు తల తీసేసినట్టయింది. అవునన్నాడు. అంతకంటే ఏం చెప్పినా సాకే అవుతుంది. జేబులోంచి తాళం తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"ఇది నా బండి. ఉత్త పెట్రోల్ బండి, దీనికి ఏ కిటుకులు లేవు. జనవరి ముప్పై ఒకటి దాక నీ దగ్గరనే ఉంచుకో. నీ బండి నేను బాగు చేయిస్త."

ఆమె తాళం వైపు చూసింది. తీసుకోక తప్పదని ఆమెకూ తెలుసు, సోమవారం ఆరింటికి గేటు ముందుండాలి. తీసుకుంది.

"గ్రూపులో కూడా రాయండి. నా డ్రైవింగ్ గురించి రాసింది అక్కడే కదా."

కనకయ్య ఇంటికొచ్చి రెండు గంటలు రాశాడు. రాసి కొట్టేసి, చివరికి తనకు చేతనైన పద్ధతిలోనే రాశాడు. కారు: ప్రవీణ గారి హైబ్రిడ్. పరీక్ష చేసినది: కనకయ్య. పరీక్ష సమయంలో ఇంజన్ స్థితి: ఆగి ఉంది. ఫలితం: చెల్లదు. నడిపినవారి తప్పు: లేదు. ఇదివరకు నేను చూసిన పదకొండు హైబ్రిడ్లు ఇదే విధంగా పరీక్షించినవి. అవి కూడా చెల్లవు. అన్నీ మళ్ళీ చూడాలి, తీసుకురండి.

పంపించాక, పదేళ్ళుగా కాపాడుకున్న పేరు పోయిందని గుండె దిటవు చేసుకుని కూర్చున్నాడు. జవాబులు రావడం మొదలయింది. అన్న జోకులు కూడా వేస్తాడా అని ఒకరు నవ్వుముఖాలు పెట్టారు. మా బండి మీరు చూశారు కాబట్టి మాకేం భయం లేదని ఇంకొకరు రాశారు. ఇంత వినయం పెద్దవాళ్ళకే ఉంటుందని జనార్దనరావు గారు రాసి, నమస్కారం బొమ్మ రెండుసార్లు పెట్టారు. ఇరవై రెండు బొటనవేళ్ళు. ప్రవీణకు క్షమాపణ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. పోతుందని ఇన్నాళ్ళు భయపడ్డ పేరు, పొమ్మన్నా పోవడం లేదు.

పదకొండు మందిలో నలుగురే బండ్లు తెచ్చారు. మిగతా ఏడుగురి ఇళ్ళకు కనకయ్య పెట్టె మోసుకుంటూ రైల్లో, బస్సుల్లో తిరిగాడు. జీగెన్‌కు మారిపోయిన ఒక విద్యార్థి కోసం ఆదివారం మొత్తం పోయింది. ప్రతి ఇంటి ముందూ ఇంజన్ గర్రుమనిపించాడు, ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు వచ్చి చట్టం చెప్పారు. పదకొండింటిలో పది నీలం. ఒకటి పసుపు. అది జనార్దనరావు గారిది. ఆయన డ్రైవింగ్ టెస్టు మొదటిసారికే పాసయ్యారు. ఆ రోజు గ్రూపులో ఏమీ రాయలేదు. మర్నాడు మాత్రం ఒక వాక్యం వచ్చింది, ప్రవీణ గారిని ఉద్దేశించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని. బొమ్మ ఏదీ పెట్టలేదు.

వర్క్‌షాపులో జనవరి ఎనిమిదికి గానీ టెర్మిన్ దొరకలేదు. అక్కడి పెద్ద మెకానిక్ కనకయ్య కథంతా ఓపిగ్గా విని "పాసియెర్ట్" అన్నాడు. జరుగుతుంటాయి అని. ఇంజన్ పైభాగం విప్పి, చదును చేయించి, కొత్త గాస్కెట్ వెయ్యడానికి మూడు వారాలు పట్టింది. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో కనకయ్య మంచులో నలభై నిమిషాలు నడిచి ఆఫీసుకు వెళ్ళాడు. అడిగినవాళ్ళకు ఆరోగ్యం కోసమని మొదట చెప్పాడు. సుమంత్ అడిగినప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. సుమంత్ నవ్వలేదు. ఆ రోజు పంపిన రిపోర్టులో మొదటి గడి నింపి ఉంది.

ప్రవీణ ఆ రెండు నెలల్లో ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఫోన్ కూడా చేయలేదు. పండక్కి మంగకు శుభాకాంక్షలు పంపింది, కనకయ్యకు పంపలేదు. జనవరి ముప్పైన, శుక్రవారం, ఉద్యోగం ఖాయమైందని మంగ ద్వారానే తెలిసింది. కనకయ్యకు సంతోషమే వేసింది, కానీ ఆ సంతోషం చెప్పుకోవడానికి తనకు చోటు లేదు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది.

"అన్నయ్యా, నా బండి వర్క్‌షాపు నుంచి వచ్చింది. మీ తాళం తీసుకెళ్ళండి. పెట్టె కూడా తెచ్చుకోండి. ఒకసారి చూడాలి."

"నేనా?"

"మీరే."

వెళ్ళాడు. బండి ఇంటి ముందు నిలబడి ఉంది. బానెట్ అప్పటికే ఎత్తి ఉంది, డబ్బా మూత తీసి ఉంది. కనకయ్య పెట్టె తెరిచి, గొట్టంలో మందు పోశాడు.

"ఉండండన్నయ్యా," అంది ప్రవీణ.

తనే బండిలో కూర్చుంది. బటన్ నొక్కి, తొక్కవలసినన్ని సార్లు తొక్కి, గేరు మార్చి, మళ్ళీ తొక్కింది. పెదాలు కదిలించి లెక్కపెట్టుకోలేదు. మొదటిసారికే ఇంజన్ లేచి, ఆగకుండా నిలబడింది. దిగి వచ్చి, ఎడమచెయ్యి ఇంజన్ పక్కన ఇనుము మీద ఆనించి, తల వంచి, ఆ అదురు అరచేతికి తగులుతోందో లేదో చూసుకుంటూ నిలబడింది.

ఇదివరకైతే కనకయ్యకు రోషం వచ్చేది. నలభై నాలుగు కార్లు చూసిన మనిషి ముందు ఎవరైనా అలా చెయ్యి పెట్టి చూస్తే పెట్టె సర్దేసేవాడు. ఇప్పుడు గొట్టం చేత్తో పట్టుకుని ఎదురుచూశాడు. ఆమె తల ఊపేదాకా దాన్ని డబ్బా మూతి మీద పెట్టలేదు.